డోలక్ మీద కోర్టు మాట

నా పని ఏమిటంటే

నేను వకీలును కాను. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. కర్నూలు పాతబస్తీలో సగం మంది ఇప్పటికీ నన్ను వకీలమ్మ అనే పిలుస్తారు, ఎన్నిసార్లు దిద్దినా వినరు. నల్లకోటు నేను ఏనాడూ వేసుకోలేదు. న్యాయం కావలసిన మనిషిని న్యాయం తెలిసిన మనిషి దగ్గరికి నడిపించడం నా ఉద్యోగం. మా కేంద్రంలో దానికి ప్రచార అధికారి అని పేరు పెట్టారు. మా అమ్మ మాత్రం చుట్టాలకు, "మా ఎస్తేరు జనాన్ని కోర్టుకు తోలుకపోతాది" అని చెప్పేది. రెండింటిలో అమ్మ చెప్పిందే నిజానికి దగ్గర.

మాది దాతల సాయంతో నడిచే ఉచిత న్యాయ సహాయ కేంద్రం. కర్నూలులో పెద్ద ఆఫీసు, కడపలో రెండు గదుల శాఖ. వకీళ్లు తమ గురించి తాము డప్పు కొట్టుకోకూడదు, అది వాళ్ల వృత్తి నియమం. కానీ చట్టంలో మీకు ఫలానా హక్కు ఉంది, అడగడానికి ఫలానా చోటు ఉంది అని జనానికి ఎవరో ఒకరు చెప్పాలి కదా. ఆ చెప్పేదాన్ని నేను. అందులోనూ నాకు అప్పగించింది ఉర్దూ మాట్లాడే ఇళ్లు. కర్నూలు పాత వీధులూ, ఆదోనీ, కడపలో కొన్ని పేటలూ.

వాళ్లకు తెలుగు రాదా అని కొత్తగా చేరినవాళ్లు అడుగుతారు. ఎందుకు రాదు? కూరగాయల బండి దగ్గర నాకంటే బాగా బేరం చేస్తారు. కానీ బేరం ఆడే భాష వేరు, కన్నీళ్లు తుడుచుకుంటూ చెప్పుకునే భాష వేరు. మొగుడి గురించీ, బిడ్డ గురించీ, పోయిన ఇల్లు గురించీ చెప్పాల్సి వచ్చేసరికి తెలుగు గొంతులో ఆగిపోతుంది. కోర్టు తెలుగు సంగతి చెప్పనే అక్కర్లేదు, అది తెలుగువాళ్లకే అర్థం కాదు.

నేను రిటైరయ్యాను, నా కుర్చీలో ఇప్పుడు ఇద్దరు పిల్లలు కూర్చున్నారు. చురుకైనవాళ్లే. ఫోనులో వీడియోలు పెడతారు, ఎంతమంది చూశారో నాకు చూపిస్తారు. "మేడమ్, మీ కాలంలో ఎట్ల చేసేవాళ్లు?" అని అడిగారు. మీ కాలం అంటే కోపం వచ్చింది, నేనేం రాజుల కాలం దాన్ని కాను. అయినా వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ఎవరు పోయినారు?

మా పై అధికారి ఓబుళరెడ్డి సారు. కడప మనిషి, పేరున్న వకీలు. ప్రాక్టీసు కొడుకులకు ఒప్పజెప్పి మా కేంద్రం నెత్తికెత్తుకున్నారు. మంచి మనిషి, గొంతు మాత్రం సభలో మాట్లాడినట్టే ఉంటుంది, ఎదురుగా ఒక్కరే ఉన్నా సరే. తనకు ఉర్దూ వచ్చని ఆయన నమ్మకం. ఆయన ఉర్దూ వింటే ఉర్దూ వాళ్లు మర్యాదగా తెలుగులోకి మారేవాళ్లు.

మొదట్లో మేము కరపత్రాలు వేశాం. కాలేజీలో ఉర్దూ చెప్పే ఒక పంతులు గారి చేత రాయించాం. ఎంత గొప్పగా రాశారంటే, పాతబస్తీలో ఒక పెద్దాయన అది చదివి కళ్లు మూసుకుని, "వాహ్" అన్నారు. ఇంతకూ అందులో ఏముంది చాచా అని అడిగితే, "అది తెలీదమ్మా, రాత శానా బాగుండాది" అన్నారు. ఆడవాళ్లలో చాలామంది తెలుగు బడిలో చదువుకున్నవాళ్లు, ఉర్దూ మాట్లాడతారు గానీ ఆ అక్షరాలు చదవరు. కరపత్రాలు పల్లీల పొట్లాలయ్యాయి.

"కాగితం వద్దమ్మా ఎస్తేరూ. మైకులో చెప్పిద్దాం. ఆటోకు మైకు కడ్దాం. వీధి వీధీ తిప్పుదాం" అన్నారు సారు.

ఊళ్లో అందరికంటే మంచి ఉర్దూ గొంతు ఎవరిదని విచారించాం. అడిగిన ప్రతివాళ్లూ ఒకే మనిషి పేరు చెప్పారు. తెల్లగడ్డం పెద్దమనిషి, గంభీరమైన గొంతు, ఒక్కో మాటా తూకం వేసినట్టు పలుకుతారు. మేము మురిసిపోయి ఆయన చేత రికార్డు చేయించాం. ఆటో పాతబస్తీలోకి వెళ్లింది. నేను ముందు సీటులో డ్రైవరు పక్కన కూర్చున్నాను.

"మొహతరం హజరాత్..." అంటే గౌరవనీయులైన పెద్దలారా అని ఆ గొంతు మొదలైందో లేదో, తలుపులు టపటపా తెరుచుకున్నాయి. ఆడవాళ్లు తల మీదికి కొంగు లాక్కుని గడపల్లోకి వచ్చారు. టీ అంగడి ముందు కూర్చున్న మగవాళ్లు లేచి నిలబడ్డారు. నా ఆనందం చూడాలి! ఇంత స్పందన నా సర్వీసులో ఎప్పుడూ చూడలేదు అనుకున్నాను. ఒకామె ఆటో దగ్గరికి పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఎవరమ్మా పోయినారు? యా వీధిలో?"

అప్పుడు తెలిసింది. ఆ పెద్దమనిషి మసీదు మైకులో చావు కబుర్లు చెప్పే మనిషి. ఏళ్ల తరబడి ఆ గొంతు మైకులో వినిపించిందంటే ఊళ్లో ఎవరో కాలం చేశారని అర్థం. ఇక మేము హక్కులని, సహాయమని ఏం చెప్పినా ఎవరి చెవికీ ఎక్కలేదు. పోయిన మనిషి పేరు వస్తుందని చివరిదాకా చెవులు రిక్కించి విన్నారు. పేరు రాకపోయేసరికి ఇంకా కంగారు పడ్డారు. ఒక తాత ఆటో వెనకాలే చాలా దూరం నడిచొచ్చి, జనాజా, అంటే శవయాత్ర, ఎన్ని గంటలకని డ్రైవరును అడిగాడు. సాయంత్రానికి షామియానా అంగడి ఆయన, పందిరి ఎవరింటి ముందు వేయాలని అడుగుతూ మా ఆఫీసుకే వచ్చేశాడు.

ఓబుళరెడ్డి సారు నవ్వీ నవ్వీ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత నవ్వు ఆపి, "మనం గొంతు బాగుండాదని చూస్తిమి గానీ, ఆ గొంతు ఏం పని మీద వాళ్లింటికి వస్తాదో చూడకపోతిమి" అన్నారు. నా సర్వీసులో ఏ పై అధికారీ ఇంతకంటే పనికొచ్చే మాట చెప్పలేదు. తప్పు దొరికితే ఎవరి మీద తోయాలా అని చూసే అధికారులను చాలామందిని చూశాను. ఈయన మొదట నవ్వారు, తర్వాత ఆలోచించారు. మీకూ అలాంటి మనిషి దొరికితే, గొంతు పెద్దదైనా సర్దుకుపొండి.

ఖాజాబీ

చావు గొంతుతో దెబ్బ తిన్నాక, మరి వీళ్లు సంతోషంగా వినే గొంతు ఏది అని వెతకడం మొదలుపెట్టాను. దానికదే దొరికింది. మా ఇంటి ఓనరమ్మ చెల్లెలి కూతురికి మంజే అని పిలిచారు. మంజే అంటే పెళ్లికి ముందు పిల్లకు పసుపు పూసే రోజు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మగవాళ్లను బయటికి తోలేసి, పసుపు బట్టలు కట్టిన పెళ్లికూతురిని మధ్యలో కూర్చోబెట్టి, ఆడవాళ్లు చుట్టూ చేరి డోలక్ వాయించి పాటలు పాడతారు. ఆ పాటలు విన్నారా ఎప్పుడైనా? అన్నీ తిట్లే. మగపెళ్లివారి ముక్కును తిడతారు, అత్తను తిడతారు, ఆడబిడ్డను ఇంకా తిడతారు. తిట్టించుకున్నవాళ్లే పగలబడి నవ్వుతారు.

ఆరోజు డోలక్ ముందు కూర్చున్నది ఖాజాబీ. భారీ మనిషి, బుగ్గన తమలపాకు, చేతుల నిండా ఎర్ర గాజులు. కర్నూలులో ఏ మంజేకైనా ఖాజాబీ రాకపోతే ఆ పెళ్లికి కళే లేదనేవాళ్లు. ఆ సంగతి ఆమెకూ బాగా తెలుసు. రెండో పాటకే ఆమె నా వైపు చూసి, కళ్లజోడు పెట్టుకున్న కోడిపిల్ల వచ్చిందని ఒక చరణం కట్టేసింది. ఇల్లంతా నవ్వింది, నేనూ నవ్వాను.

నవ్వుతూనే ఒకటి గమనించాను. మా ఆఫీసులో నోరు విప్పని ఆడవాళ్లు ఇక్కడ పాటలో మాత్రం మొగుడి తాగుడు గురించీ, అత్త ఆరళ్ల గురించీ గొంతెత్తి పాడుతున్నారు. మా నాన్న జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె చర్చిలో పాటలు నడిపించేవాడు. అక్షరం రాని కూలీ తల్లులకు వాక్యమంతా పాటల్లోనే వచ్చేది, కలుపు తీస్తూ పాడుకునేవాళ్లు. అది గుర్తొచ్చింది. లేచి వెళ్లి ఖాజాబీ పక్కన కూర్చుని, అందరిలాగే ఆపా, అంటే అక్కా, అని పిలిచాను.

"ఖాజాబీ ఆపా, నీ పాటలో కోర్టు మాట ఒకటి పెడతావా?"

"నక్కో, వద్దు. నా పాట చెడిపోతాది" అంది, నా ముఖం కూడా చూడకుండా.

"అత్తను తిడతాండావు కదా. తిట్టినాక ఆ పిల్ల యాడికి పోవల్ల?"

ఆకు నములుతున్న నోరు ఆగింది. కాసేపు డోలక్ మీద వేళ్లతో నెమ్మదిగా కొట్టింది. "అది నిజమే. మా పాటల్లో తిట్టు ఉండాది, దారి లేదు" అంది. తర్వాత వేలు చూపించి, "కానీ మీ ఆఫీసు పేరు నా పాటలో పెట్టను. పాట నాది" అంది.

ఒప్పుకున్నాను. ఓబుళరెడ్డి సారుకు చెబితే ఆయన కుర్చీలోంచి లేచారు. "పెండ్లింట్లో కోర్టు పాట పాడిస్తావా? తరిమి కొడతారమ్మా!" అన్నారు. మరుసటి వారం ఖాజాబీని ఆఫీసుకు తీసుకొచ్చాను. ఆమె ఆయన ఎదురుగా కుర్చీలో కూర్చుని, "సార్, మేము పెండ్లిలో వియ్యపురాలి పండ్లు ఊడిపోవల్ల అని పాడతాం. కోర్టు అంతకంటే చెడ్డదా?" అంది. ఆయన నవ్వేసి, సరే కానీయండమ్మా అన్నారు.

మా కేంద్రంలో కుటుంబ కేసులు చూసే శ్యామల అనే లాయరమ్మ ఉండేది. ఆమె చట్టం చెప్పేది, నేను దాన్ని వంటింటి తెలుగులోకి దించేదాన్ని, ఖాజాబీ దక్కనీ ఉర్దూలో పాట కట్టేది. నిఖానామా, అంటే పెళ్లి ఒప్పంద పత్రం, దాని నకలు అడిగి దాచుకోమని ఒక చరణం. కొడితే ఊరుకోవద్దని ఒకటి. ఇలా కొన్ని. పెళ్లిళ్ల కాలం మొదలైంది. పాట అయ్యాక యాడికి పోవల్ల అని అడిగినవాళ్లకు ఖాజాబీయే మా ఆఫీసు దారి చెప్పేది. ఎండలు ముదిరేసరికి మా ఆఫీసు మెట్ల మీద బురఖాలు కనిపించాయి. "పాట ఆఫీసు ఇదేనా?" అని అడిగేవాళ్లు. పెద్ద పెద్ద బోర్డులు పెట్టాం, ఎవరూ చదవలేదు. పాట ఆఫీసు అన్న పేరు మాత్రం రిక్షావాళ్లకు కూడా తెలిసిపోయింది. ఆ రోజుల్లో నేను కాస్త పొగరుగానే నడిచేదాన్ని, ఇప్పుడు దాచుకోవడం ఎందుకు?

కవరులో గౌను

ఒక ఉదయం హసీనా వచ్చింది. చిన్న వయసు, సన్నటి మనిషి. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. బెంచీ మీద కూర్చోకుండా నిలబడే మాట్లాడింది.

"నా బిడ్డను ఇప్పించండి. సాయంత్రం బస్సుకు తోలుకపోతాను."

ఆమె సంగతి ఇది. భర్త లారీ డ్రైవరు, బనగానపల్లె మామిడికాయలు వేసుకుని ఊళ్లు తిరిగేవాడు. జబ్బు చేసి పోయాడు. అత్తవారిది కడప. దినాలయ్యాక హసీనాను పుట్టింటికి కర్నూలు పంపించారు, కూతురు రుక్సానాను మాత్రం పంపలేదు. ఇంకా బడికి కూడా పోని పిల్ల. "నా కొడుకు బిడ్డ నా ఇంట్లోనే ఉంటాది" అని అత్త తలుపు వేసుకుంది. పెద్దమనుషులు కూడా, మగవాడి ఇంటి పిల్ల మగవాడి ఇంట్లోనే ఉండాలన్నారట. అదే చట్టమేమో అని హసీనా నోరు మూసుకుంది. తర్వాత ఎవరి మంజేలోనో ఖాజాబీ పాట విన్నది.

కవరులో ఏముందని అడిగాను. తీసి చూపించింది. పింక్ గౌను, జరీ అంచు, ధర చీటీ కూడా తీయలేదు. బిడ్డ చేతికి రాగానే తొడగాలని తెచ్చుకుంది.

శ్యామల ఆమెను కూర్చోబెట్టి చెప్పింది. ఆ వయసు ఆడపిల్ల తల్లి దగ్గర పెరగడానికి మీ పద్ధతిలోనే తల్లికి హక్కు ఉందమ్మా, కోర్టు కూడా పిల్ల మేలు చూస్తుంది. అయితే పిల్ల ఉండే ఊరు కడప కాబట్టి కేసు అక్కడ వేయాలి. వాళ్లకు నోటీసు పోవాలి, వాళ్ల మాటా వింటారు, జడ్జి గారు పిల్లతోనూ మాట్లాడవచ్చు. నెలలు పడుతుంది. గెలుస్తామని నేను మాట ఇవ్వలేను, గట్టిగా పోరాడతానని మాత్రం ఇస్తాను.

హసీనా గౌను మడిచి కవరులో పెట్టుకుంది.

"పాటలో అట్ల లేదే" అని లేచి వెళ్లిపోయింది. వెనక నేను పిలిచినా తిరిగి చూడలేదు.

పాటలో ఏముందో అప్పుడు శ్యామల అడిగింది. నేను పాడి వినిపించాను.

*రో నక్కో బీ, కచేరీకు జా,*
*గోద్ కా బచ్చా గోద్ మే లా.*

ఏడవొద్దమ్మా, కోర్టుకు పో, ఒడిలో బిడ్డను ఒడిలోకి తెచ్చుకో. మేము ఖాజాబీకి చెప్పింది, బిడ్డ కోసం కోర్టును అడగవచ్చు అని. ఆమె దాన్ని కోర్టుకు పోవడమూ బిడ్డను తెచ్చుకోవడమూ ఒకే పని చేసేసింది. చరణం అద్భుతంగా ఉంది, అందులో సందేహం లేదు. ఆ అద్భుతమే ఒక తల్లిని మా మెట్లు ఎక్కించి, దించేసింది. ఆమె ఇక ఏ కోర్టునూ నమ్మదు, ఏ వకీలునూ నమ్మదు. కడపలో ఆ పిల్ల అలాగే తల్లి ముఖం మరిచిపోతూ పెరుగుతుంది. ఆ మధ్యాహ్నమంతా ఇవే అనుకుంటూ కూర్చున్నాను.

కొత్తగా చేరిన పిల్లలకు నా గట్టి మాట ఒకటే. ఈ పనిలో గెలుపు అమ్మకండి. మందుల అంగడివాడు రోగం తగ్గుతుందని గోడ మీద రాసుకోవచ్చు గాక, మనం రాయకూడదు. దారి ఉందని చెప్పండి, దూరం ఎంతో కూడా చెప్పండి. దూరం చెబితే జనం రారని మీకు ఎవరైనా చెబితే, వాళ్లు జనాన్ని చూడని వాళ్లు.

పెళ్లి లేని డోలక్

ఖాజాబీ ఇంటికి వెళ్లి విషయం చెప్పాను. ముందు నా మీద విరుచుకుపడింది.

"పాట అంటే అట్లనే ఉంటాది! నెలలు పడతాది, నోటీసు పోతాది అని డోలక్ మీద పాడితే ఎవరు వింటారు?"

"వినకపోతే పోనీ ఆపా. హసీనా కవరులో గౌను తెచ్చుకున్నాది. సాయంత్రం బస్సుకు పోదామని వచ్చినాది."

ఖాజాబీ లేచి లోపలికి వెళ్లి నీళ్లు తాగి వచ్చింది. ఆమెకు ముగ్గురు కూతుళ్లు. డోలక్ ఒళ్లోకి లాక్కుని, "సరే, చెప్పు. ఏం చెప్పల్ల?" అంది.

"ఆలస్యమైతాదని చెప్పల్ల. అయినా తలుపు ఉండాదని చెప్పల్ల."

ఆమె చాలాసేపు వేళ్లతో కొడుతూ, గొణుక్కుంటూ కూర్చుంది. రెండు మూడు కట్టి పారేసింది. చివరికి తల ఊపుతూ పాడింది.

*దేర్ లగే తో లగ్నే దే,*
*దర్వాజా హై, ఖుల్నే దే.*

ఆలస్యమైతే కానివ్వు, తలుపు ఉంది, తెరుచుకోనివ్వు. నేను రెండు ముతక తెలుగు మాటలు ఇస్తే ఆమె నాకు ఇది ఇచ్చింది.

తర్వాత ఖాజాబీ చేసిన పని నేను అడిగింది కాదు. డోలక్ చంకన పెట్టుకుని, పట్టపగలు, హసీనా వాళ్ల వీధికి బయలుదేరింది. నేను వెనకాలే నడిచాను. హసీనా పుట్టింటి అరుగు మీద కూర్చుని వాయించడం మొదలుపెట్టింది. పెళ్లి లేదు, పందిరి లేదు. వీధి వీధంతా గుమికూడింది.

"ఎవరి మంజే ఖాజాబీ?" అని ఎవరో అడిగారు.

"ఎవరిదీ కాదు. నేనొక పాట తప్పు పాడితి. సరిచేసి పాడేదానికి వస్తి" అంది.

కర్నూలులో ఖాజాబీ నోట తప్పు అన్న మాట విన్నవాళ్లు అంతకుముందు లేరు. పాత చరణం పాడింది, దాని వెంటే కొత్తది పాడింది. మళ్లీ మళ్లీ పాడింది. హసీనా తలుపు చాటున నిలబడి విన్నది. బయటికి వచ్చి ఖాజాబీ పక్కన అరుగు మీద పాట అయ్యేదాకా కూర్చుంది.

"ఎంత ఆలస్యమైతాది?" అని అడిగింది చివరికి.

"తెలీదు తల్లీ. నేనైతే నీతో కడపకు వస్తాను" అన్నాను నేను.

"నేను కూడా వస్తా. ఆ ముసల్దాన్ని నేను చూడల్ల" అంది ఖాజాబీ.

కడప బస్సు

కర్నూలు నుంచి కడపకు బస్సులో పోయి రావడం అంటే రోజు గడిచిపోతుంది. నల్లరేగడి చేలు, బండలు, ఎండ. ఆ కేసు కోసం మేము ఎన్నిసార్లు ఆ దారిన తిరిగామో నేను లెక్కపెట్టుకోలేదు.

మొదటిసారి రుక్సానాను కోర్టుకు తెచ్చిన రోజు మరిచిపోలేను. హసీనా చేతులు చాచింది. పిల్ల నానమ్మ బురఖా వెనక దాక్కుంది. ఒక కన్ను మాత్రం బయట పెట్టి చూసింది, దగ్గరికి రాలేదు. హసీనా చేతులు అలాగే చాచి ఉండిపోయింది. తిరుగు బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది, భుజాలు కదులుతున్నాయి. ఖాజాబీ కూడా ఆ దారి పొడుగునా పాడలేదు.

నానమ్మ రాక్షసి కాదు. ఇది కూడా మీరు తెలుసుకోవాలి. మనం ఒకరి పక్షాన ప్రచారం చేస్తూ చేస్తూ ఎదుటివాళ్లను రాక్షసులను చేసేస్తాం. ఓబుళరెడ్డి సారు తనే వెళ్లి ఆమె ఇంట్లో మంచం మీద కూర్చుని మాట్లాడారు, మొదటిసారి నెమ్మదైన గొంతుతో. ఆమె ఒకే మాట అంది: "నా కొడుకు ముఖం ఆ పిల్ల మీద ఉండాది సారూ. పిల్లను ఇచ్చేస్తే నేను ఎవరి ముఖం చూడల్ల?" సారు ఆ మాట తెచ్చి మాకు చెప్పినప్పుడు, ఆమెను చూడాలని అంత కోపంగా ఉన్న ఖాజాబీ కళ్లు తుడుచుకుంది.

జడ్జి గారు ముందు తల్లీబిడ్డలు వారం వారం కలుసుకోవాలన్నారు. కోర్టు ఆవరణలో బొమ్మలు పెట్టిన ఒక గది ఉంది. మొదటివారం పిల్ల బొమ్మతో ఆడుకుంది, తల్లితో మాట్లాడలేదు. రెండోవారమూ అంతే. హసీనా ఏం చేయాలో తెలియక, నేల మీద కూర్చుని, గది తలుపును వేళ్లతో తడుతూ సన్నగా పాడటం మొదలుపెట్టింది. దేర్ లగే తో లగ్నే దే. పిల్ల బొమ్మ పక్కన పెట్టి చూసింది. తనూ వచ్చి తలుపు మీద కొట్టింది. ఇద్దరూ కలిసి ఆ తలుపును వాయిస్తుంటే వరండాలో బంట్రోతు ఏమైందోనని పరుగెత్తుకొచ్చాడు. ఆ తర్వాతి వారం నుంచి పిల్ల గదిలోకి రాగానే తలుపు దగ్గరికి పోయి తల్లి కోసం చూసేది.

చివరికి ఉత్తర్వు వచ్చింది. బిడ్డ తల్లి దగ్గర ఉండాలి, సెలవులకూ పండగలకూ నానమ్మ దగ్గరికి పోవాలి. శ్యామల వాదన నేను పొగడక్కర్లేదు, కడప కోర్టులో వకీళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆరోజు హసీనా సంచీలోంచి గౌను తీసింది. పింక్ గౌను కాదు, అది ఎప్పుడో బిగుతైపోయింది. ఇది పచ్చది, పిల్లకు మోకాళ్లు దాటి నేల మీద జీరాడుతోంది.

"ఇంత పెద్దది ఎందుకు కొన్నావే?" అన్నాను.

"ఇంకా ఎంత ఆలస్యమైతాదో అని" అంది నవ్వుతూ, ఏడుస్తూ.

పాట ఆఫీసు

నాకు రిటైర్మెంటు సభ చేశారు. శాలువా కప్పారు, ఓబుళరెడ్డి సారు మైకు అవసరం లేకుండా మాట్లాడారు. అవన్నీ మామూలే. నేను చెప్పదలచుకున్నది ఆ తర్వాత జరిగింది.

మొన్న ఎండాకాలంలో ఖాజాబీ చిన్న కూతురి మంజేకు వెళ్లాను. ఖాజాబీకి ఇప్పుడు మోకాళ్ల నొప్పులు, డోలక్ ముందు ఎక్కువసేపు కూర్చోలేదు. గోడకు ఆనుకుని కూర్చుని అందరినీ విసుక్కుంటోంది. డోలక్ ముందు పచ్చ చుడీదార్‌లో ఒక పిల్ల కూర్చుంది. చేతులు సన్నగా ఉన్నా దెబ్బ గట్టిగా పడుతోంది. హసీనా ఆ పక్కనే ఉంది. నానమ్మ కూడా కడప నుంచి వచ్చింది. ఇద్దరూ ఒకే పళ్లెంలో చేతులు పెట్టి మిఠాయి తింటున్నారు.

రుక్సానా నన్ను గుర్తు పట్టలేదు. చివరిసారి నేను చూసినప్పటికి మరీ చిన్నది. పాట అయ్యాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది, తెలుగామె వచ్చిందని జాలిపడినట్టుంది.

"మీకు మా పాటలు రావు కదా ఆంటీ? ఇది అందరికీ వస్తాది, శానా సులభం. నేను నేర్పిస్తా."

"ఏ పాట?"

"దేర్ లగే తో. మా నానమ్మల నానమ్మల కాలం పాట ఇది" అంది గంభీరంగా.

గోడ దగ్గర ఖాజాబీ నోరు తెరవబోయింది. పాట నాది అని నాతో వేలు చూపించి చెప్పిన మనిషి కదా! నేను ఆమెను చూసి తల అడ్డంగా ఊపాను. ఆమె నోరు మూసుకుంది, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

నా చేతి మీద తన చెయ్యి పెట్టి రుక్సానా తాళం నేర్పించింది. నేను రెండుసార్లు తప్పాను. "పరవాలేదు ఆంటీ, నెమ్మదిగా వస్తాది" అంది.

నేను ఆమెతో కలిసి పాడాను. అంత గర్వంగా నా సర్వీసు మొత్తంలో ఎప్పుడూ లేను.